డెబ్భై దాటిన అమ్మానాన్నలకు ఏ ఆరోగ్య కార్డు? ఆరోగ్యశ్రీ, వయ వందన, సీజీహెచ్ఎస్‌లలో ఎంచుకోవడం ఎలా

ఇంట్లో డెబ్భై దాటినవాళ్లు ఉంటే ఈరోజు వాళ్లకు ఒకటికి రెండు ప్రభుత్వ ఆరోగ్య పథకాలు వర్తించే అవకాశం ఉంది. రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఆరోగ్యశ్రీ (ఏపీలో దాని పేరు ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ), డెబ్భై నిండిన ఎవరికైనా కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన, ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లకు ఈహెచ్ఎస్ (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులది), సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులది), ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికులది), రైల్వే, ఈఎస్ఐ (ఫ్యాక్టరీల లాంటి చోట పనిచేసే కార్మికుల బీమా). చాలామంది ఏ కార్డు మీద ఎక్కువ లక్షలు రాసి ఉన్నాయో చూసి అదే మంచిదనుకుంటారు. నా మాట వింటే లక్షల లెక్క చివర్లో చూడండి. మీవాళ్లకు నెలనెలా ఏ వైద్యం అవసరమవుతోంది, మీ ఊరికి దగ్గర్లో ఉన్న మంచి ఆసుపత్రి ఏ కార్డు తీసుకుంటోంది, ముందు ఈ రెండూ తేల్చుకోండి.

ఈ పని వాళ్లు ఆరోగ్యంగా తిరుగుతున్నప్పుడే చేయాలి. ఐసీయూ బయట నిలబడి నాన్నగారి ఆధార్ ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్లిందో వెతుక్కోవడం పగవాడికి కూడా వద్దు.

మొదట: ఇంట్లో ఇప్పటికే ఏముందో రాసుకోండి

ఒక కాగితం తీసుకుని అమ్మ, నాన్న పేర్లు విడివిడిగా రాయండి. ఇద్దరికీ ఒకే పథకం వర్తించాలని లేదు. కింద రేషన్ కార్డు ఉందా, పెన్షన్ ఎక్కడి నుంచి వస్తోంది, ప్రైవేటు ఇన్సూరెన్స్ పాలసీ ఉందా, పిల్లల ఉద్యోగం ద్వారా ఏదైనా కవరేజీ ఉందా అని నింపండి.

తెలంగాణలో ఆహార భద్రత కార్డు, ఏపీలో రైస్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ వరసలో ఉన్నట్టే. తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి ఏడాదికి ఉన్న 5 లక్షల పరిమితిని 2023 డిసెంబర్ 9న 10 లక్షలకు పెంచింది. ఏపీలో అదే నెలలో 25 లక్షలకు పెంచారు. ఇది కుటుంబం మొత్తానికి కలిపి. కొడుకు, కోడలు, మనవలు అందరూ అదే కార్డులో ఉంటే అందరిదీ ఒకే ఖాతా.

పెన్షన్ విషయంలో బాగా తవ్వి అడగండి. నాన్నగారు రాష్ట్ర ప్రభుత్వ టీచర్‌గా రిటైరైతే ఈహెచ్ఎస్. పోస్టాఫీసు, టెలికాం, ఇన్‌కం ట్యాక్స్ లాంటి కేంద్ర శాఖలైతే సీజీహెచ్ఎస్. సైన్యంలో చేసి ఉంటే 2003 నుంచి నడుస్తున్న ఈసీహెచ్ఎస్. రైల్వే వాళ్లకు సొంత ఆసుపత్రులు, ఉమీద్ కార్డు.

అందరూ మరిచిపోయేది ఈఎస్ఐ. కనీసం అయిదేళ్లు ఈఎస్ఐ కింద పనిచేసి వయోపరిమితి వల్ల రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కడితే తనకూ జీవిత భాగస్వామికీ ఈఎస్ఐ వైద్యం కొనసాగుతుంది. నెలకు పది రూపాయలు. పాత ఫ్యాక్టరీ ఉద్యోగుల ఇళ్లలో ఈ సంగతి తెలియక ఎందరో బీపీ మాత్రలు కూడా కొనుక్కుని వేసుకుంటున్నారు. ఇంకొకటి: మీరే ఈఎస్ఐ కింద ఉన్న ఉద్యోగంలో ఉంటే, మీ మీద ఆధారపడి నెలకు 9,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న అమ్మానాన్నల పేర్లు కూడా చేర్పించవచ్చు.

రెండోది: ఆధార్‌లో వయసు చూడండి

వయ వందన కార్డును ప్రధానమంత్రి 2024 అక్టోబర్ 29న ప్రారంభించారు. దీనికి ఆదాయ పరిమితి లేదు. ఇల్లుందా, పొలముందా, పిల్లలు అమెరికాలో ఉన్నారా అని అడగరు. డెబ్భై నిండాయా, లేదా అన్నదొక్కటే ప్రశ్న, దానికి సాక్ష్యం ఆధార్ ఒక్కటే.

చిక్కంతా ఇక్కడే. మన పెద్దవాళ్లలో చాలామందికి పుట్టిన తేదీ కాగితం మీద లేదు. ఆధార్ నమోదు చేసిన రోజున ఎవరో అడిగితే ఉజ్జాయింపుగా ఒక సంవత్సరం చెప్పారు. డెబ్భై మూడేళ్ల అమ్మమ్మ ఆధార్‌లో అరవై ఏడు ఉంటుంది. అలా ఉంటే స్కూల్ రికార్డు, సర్వీస్ రిజిస్టర్, పాస్‌పోర్టు, ఏది దొరికితే అది పట్టుకుని ఆధార్ కేంద్రంలో సరిచేయించండి. అది తేలేదాకా వయ వందన సంగతి పక్కన పెట్టి, ఉన్న పథకంతోనే నడపాలి. అరవై నుంచి డెబ్భై మధ్య ఉన్నవాళ్లకూ ఇదే మాట: వయ వందన వాళ్లకు ఇంకా రాదు.

అలాగే ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు ఎవరిదో చూడండి. చిన్నకొడుకు పాత నంబరు, ఎప్పుడో రీచార్జి మానేసిన సిమ్, దుబాయ్ వెళ్లిన అల్లుడి నంబరు ఇలా ఏదో ఒకటి బయటపడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరే ఉండే ఫోన్‌కి మార్పించండి.

మూడోది: ఆ ఇంట్లో వైద్యం ఖర్చు దేనికవుతోంది?

గత ఏడాది మందుల చీటీలు, బిల్లులు ముందు పెట్టుకోండి. ఖర్చు రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి నెలనెలా అయ్యేది: షుగరు, బీపీ, థైరాయిడ్ మాత్రలు, మోకాళ్ల నొప్పులకు డాక్టరు ఫీజు, రక్త పరీక్షలు. రెండోది ఆసుపత్రిలో చేరితే అయ్యేది: స్టెంట్, తుంటి ఎముక విరగడం, క్యాన్సర్, డయాలసిస్.

ఆరోగ్యశ్రీ అయినా వయ వందన అయినా ప్రధానంగా రెండో రకానికే. మామూలు ఓపీ ఫీజులూ నెలవారీ మాత్రలూ వీటిలో రావు. ఆసుపత్రిలో చేరి ప్యాకేజీ (ఒక్కో వైద్యానికి పథకం ముందే ఖరారు చేసిన మొత్తం) కింద వైద్యం చేయించుకుంటేనే డబ్బు కదులుతుంది. వయ వందనలో చేరడానికి ముందు 3 రోజులు, ఇంటికొచ్చాక 15 రోజుల మందులూ పరీక్షలూ ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి. ఆరోగ్యశ్రీలో కొన్ని ఆపరేషన్లకు ఏడాదిపాటు ఉచిత ఫాలో-అప్ ఉంది. గుండె ఆపరేషన్ అయినవాళ్లు డిశ్చార్జి రోజునే ఆరోగ్యమిత్రను (ఆసుపత్రిలో ఈ పథకాల పని చూసే ఉద్యోగి) "మాకు ఫాలో-అప్ ప్యాకేజీ ఉందా?" అని అడగాలి. అడగకపోతే చాలాచోట్ల ఎవరూ చెప్పరు.

సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్, ఈఎస్ఐ, రైల్వే పథకాలు వేరు. వీటిలో ఓపీ ఉంది, నెలవారీ మందులు కూడా ఇస్తారు. డెబ్భై ఏళ్ల మనిషికి రోజూ ఆరేడు మాత్రలు పడుతుంటే ఏడాదికి ఆ మందుల విలువ ఎంతో మీరే లెక్క వేయండి. ఈ తేడా తెలియక పథకం మార్చుకుంటే పెద్ద దెబ్బ తగులుతుంది.

నాలుగోది: అసలు ఎంపిక ఎవరికి, ఎలా?

రేషన్ కార్డు ఉన్న కుటుంబాలకు ఇక్కడ పెద్దగా ఆలోచించాల్సింది లేదు. ఆరోగ్యశ్రీ ఉంచుకోండి, డెబ్భై దాటినవాళ్లకు వయ వందన కూడా తీసుకోండి. వయ వందన కేంద్రం నడిపే ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య పథకంలో భాగమే; ఇప్పటికే ఆ ఆయుష్మాన్ భారత్‌లో ఉన్న కుటుంబంలోని పెద్దవాళ్లకు విడిగా మరో 5 లక్షలు ఉంటాయి, ఇంట్లో చిన్నవాళ్లు వాడుకున్నది అందులోంచి తగ్గదు. అయితే భార్యాభర్తలిద్దరూ డెబ్భై దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. ఒకరికి డయాలసిస్ నడుస్తుంటే రెండోవారి కోసం ఎంత మిగులుతోందో మధ్యమధ్యలో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. డయాలసిస్ మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా, ఏపీలో డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఉంది, తెలంగాణలోనూ వాళ్లకు ఆసరా పింఛను ఇస్తున్నారు. దరఖాస్తు చేయనివాళ్లు ఇంకా ఉన్నారు.

రేషన్ కార్డు లేని, పెన్షన్ కూడా లేని మధ్యతరగతి పెద్దవాళ్లకు, అంటే చిన్న వ్యాపారం చేసి మానేసినవాళ్లు, ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పినవాళ్లు, కొద్దిపాటి పొలం ఉన్నవాళ్లు, వీళ్లకు వయ వందన నిజంగా వరం. ప్రైవేటు కంపెనీలు ఈ వయసులో పాలసీ ఇవ్వడానికి వెనకాడతాయి, ఇచ్చినా పాత జబ్బులకు మూడేళ్ల వరకు ఆగమనవచ్చు. వయ వందనలో వెయిటింగ్ పీరియడ్ లేదు. పదేళ్ల నుంచి ఉన్న షుగరైనా, పాత గుండె జబ్బైనా మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. వాళ్లు ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకుండా తీసుకోవాలి.

ప్రైవేటు పాలసీ ఇప్పటికే ఉంటే దాన్ని మానేయకండి. ప్రైవేటు పాలసీ, వయ వందన రెండూ ఉండొచ్చు, ఈఎస్ఐ ఉన్నా ఉండొచ్చు. ఏళ్ల తరబడి కట్టిన పాలసీ ఒకసారి ఆగిపోతే ఆ వయసులో మళ్లీ దొరకడం కష్టం. పైగా 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ తీసేశారు, భారం కొంత తగ్గింది.

గట్టిగా ఆలోచించాల్సింది సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ ఉన్నవాళ్లు. వీళ్లు రెండింటిలో ఒకటే పెట్టుకోవాలి: పాతదైనా ఉంచుకోవాలి, వయ వందనకైనా మారాలి. ఒకసారి మారాక మళ్లీ వెనక్కి రావచ్చులే అన్న ధీమాతో మాత్రం మారకండి.

ఉదాహరణకు హైదరాబాద్‌లో ఉంటున్న రిటైర్డ్ కేంద్ర ఉద్యోగిని తీసుకోండి. వెల్‌నెస్ సెంటర్ (సీజీహెచ్ఎస్ వాళ్ల డిస్పెన్సరీ) దగ్గర్లోనే ఉంది, నెలనెలా మందులు అక్కడే తెచ్చుకుంటున్నారు, డెబ్భై దాటింది కాబట్టి ఎంప్యానెల్ అయిన (పథకం జాబితాలో ఉన్న) ఆసుపత్రిలో స్పెషలిస్టును రెఫరల్ లేకుండానే చూపించుకోవచ్చు, చేరితే 5 లక్షల గీత లేదు. ఈయన వయ వందనకు మారితే పోగొట్టుకునేదే ఎక్కువ. "కొత్త కార్డు వచ్చిందట, అందరూ తీసుకుంటున్నారు" అని పక్కింటివాళ్లు చెబితే సంతకం పెట్టేయకూడదు.

అదే మనిషి వెల్‌నెస్ సెంటర్‌కు దూరంగా, ఏ చిన్న పట్నంలోనో సొంత ఇంట్లో ఉంటే? అప్పుడూ తొందర వద్దు. అలాంటి పెన్షనర్లు ఓపీ ఖర్చుకు నెలకు 1,000 రూపాయల మెడికల్ అలవెన్సు తీసుకుంటూ, ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మాత్రం సీజీహెచ్ఎస్ వాడుకునే వీలుంది. ఈ సంగతి తెలియక కార్డే తీసుకోనివాళ్లున్నారు. చందా హోదాను బట్టి నెలకు 250 నుంచి 1,000 రూపాయల దాకా ఉంటుంది, పదేళ్లది ఒకేసారి కట్టేస్తే జీవితాంతం చెల్లే కార్డు వస్తుంది. ఇన్నేళ్లుగా అలవెన్సు మాత్రమే తీసుకుంటూ కార్డు లేకుండా ఉన్నవాళ్లు మొదట దీని ధర కనుక్కోండి, ఆ తర్వాత వయ వందనతో పోల్చుకోండి. ఎంప్యానెల్ ఆసుపత్రి నూరు కిలోమీటర్ల లోపు ఎక్కడా లేకపోయి, ఆయుష్మాన్ ఆసుపత్రి పక్క వీధిలో ఉంటే మారడం గురించి ఆలోచించడంలో అర్థముంది.

ఈసీహెచ్ఎస్ వాళ్లకూ ఇదే లెక్క. పాలీక్లినిక్ దగ్గర్లో ఉంటే దాన్ని వదులుకోవద్దు.

ఈహెచ్ఎస్ ఉన్న రాష్ట్ర పెన్షనర్లకు ఆరోగ్యశ్రీ వర్తించదు. వయ వందనకు దరఖాస్తు చేసే ముందు 14555 నంబరుకు ఫోన్ చేసి మీ పరిస్థితి చెప్పి, ఈహెచ్ఎస్‌కు ఇబ్బంది లేదని రూఢి చేసుకోండి.

పెద్దవాళ్లు కొన్నాళ్లు ఊళ్లో, కొన్నాళ్లు బెంగళూరులోనో పుణేలోనో పిల్లల దగ్గర ఉండే ఇళ్లు ఇప్పుడు ఎన్నో. వాళ్లకు వయ వందన ప్రత్యేకంగా ఉపయోగం. ఆరోగ్యశ్రీ ప్రధానంగా మన రాష్ట్రం నెట్‌వర్క్‌కే పరిమితం. వయ వందన ఆయుష్మాన్ భారత్ అమలయ్యే ఏ రాష్ట్రంలోని ఎంప్యానెల్ ఆసుపత్రిలోనైనా చెల్లుతుంది.

అయిదోది: ఆసుపత్రికి వెళ్లి అడగండి

ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. ఆయుష్మాన్ యాప్‌లో ఆసుపత్రుల జాబితా ఉంటుంది, ఆరోగ్యశ్రీకి 104కు ఫోన్ చేసినా చెబుతారు. కానీ జాబితాలో పేరుండటం వేరు, మీకు కావాల్సిన వైద్యం అక్కడ ఆ కార్డు మీద జరగడం వేరు. ఒక ఆసుపత్రి కంటి ఆపరేషన్లకు మాత్రమే నమోదై ఉండొచ్చు. కొన్ని ప్యాకేజీలు ప్రభుత్వ ఆసుపత్రులకే కేటాయించి ఉంటాయి. బకాయిలు రాలేదని 2025లో రెండు రాష్ట్రాల్లోనూ ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసిన రోజులున్నాయి.

అందుకని ఏదో పనిమీద టౌనుకెళ్లినప్పుడు ఆ ఆసుపత్రిలో ఒక పావుగంట ఆగండి. ఎంట్రన్స్ దగ్గర్లోనే ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది. రిసెప్షన్‌లో అడక్కండి, వాళ్లకు తెలియకపోవచ్చు. ఆరోగ్యమిత్రను సూటిగా అడగండి: "అన్నా, మా నాన్నకు డెబ్భై రెండు. గుండెకు స్టెంట్ పడాల్సొస్తే ఇక్కడ ఏ కార్డు మీద చేస్తారు? వయ వందనా, ఆరోగ్యశ్రీయా? పోయిన నెలలో అలా ఎవరికైనా చేశారా?" ఆ చివరి ప్రశ్నకు వచ్చే జవాబే మీకు కావాల్సింది. స్టెంటు, తుంటి ఎముక, కిడ్నీ, క్యాన్సర్ ఈ నాలుగింటికీ అడిగి కాగితం మీద రాసుకోండి. ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి, రెండింటిలోనూ అడగండి. హైదరాబాద్‌లో నిమ్స్, తిరుపతిలో స్విమ్స్, విశాఖలో కేజీహెచ్ లాంటివి ప్రైవేటు వాళ్లు చేతులెత్తేసిన రోజున ఆదుకుంటాయి.

ఆరోది: కార్డు తీయడం

వయ వందన కార్డుకు ఫీజేమీ లేదు. ఆయుష్మాన్ యాప్‌లోగానీ నేషనల్ హెల్త్ అథారిటీ పోర్టల్‌లోగానీ మీరే చేసుకోవచ్చు. ఆధార్ నంబరు ఇచ్చి ఈ-కేవైసీ పూర్తిచేసి, ఫొటో తీసి పంపితే చాలు. సీజీహెచ్ఎస్, ఈసీహెచ్ఎస్ లాంటివి ఉన్నాయా అని మధ్యలో అడుగుతుంది. అక్కడ నిజమే చెప్పండి, నొక్కే ముందు పైన చెప్పిన ఎంపిక ఒకసారి గుర్తు చేసుకోండి.

పొలం పని చేసి చేసి వేలిముద్రలు అరిగిపోయిన చేతులు మనవాళ్లవి. మిషన్ మీద వేలు ఎన్నిసార్లు పెట్టినా పడదు, వాళ్లేమో తమదే తప్పయినట్టు నొచ్చుకుంటారు. ఓటీపీతోగానీ, ముఖం చూపించిగానీ, కనుపాపతోగానీ ఈ-కేవైసీ చేసే వీలుంది. ముందే ఓటీపీ దారి ఎంచుకుంటే ఆ తిప్పలుండవు. ఇంట్లో చేయలేకపోతే దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌కో, ఎంప్యానెల్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరకో తీసుకెళ్లండి. ఊళ్లో ఆశా కార్యకర్తను అడిగినా దారి చెబుతారు.

ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, రేషన్ కార్డులో ఒక్క అక్షరం మాత్రమే ఉండటం మామూలే. ఆరోగ్యశ్రీలో అప్రూవల్ ఆలస్యమయ్యేది ఇలాంటివాటి దగ్గరే. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. కార్డు వచ్చాక రెండు జిరాక్సులు తీయండి. ఒకటి వాళ్ల మందుల డబ్బాలో ఉంచి, ఫొటో తీసి పిల్లలందరి ఫోన్లలో పంపండి.

ఏడోది: చేరే రోజు

అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో ముందు రాసుకున్న కాగితం చూసి చెప్పండి. నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రిలో చేరి డబ్బు కట్టాక, ఆయుష్మాన్‌లో ఆ బిల్లు తిరిగి రాదు. అలా కట్టాల్సి వస్తే ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెట్టుకోవడం మిగులుతుంది, అందుకోసం ఒరిజినల్ బిల్లులన్నీ జాగ్రత్త చేయండి. సీజీహెచ్ఎస్‌లో అత్యవసర పరిస్థితికి రీయింబర్స్‌మెంట్ ఉంది, ఎమర్జెన్సీ అని డాక్టరు రాసిచ్చిన కాగితం దానికి తప్పనిసరి.

ఆసుపత్రిలోకి వెళ్లగానే, అడ్వాన్సు కట్టకముందే, కార్డు ఉందని చెప్పండి. చాలామంది కంగారులో క్యాష్ పేషెంట్‌గా రాయించేస్తారు, తర్వాత మార్చమంటే మారదు. ఆరోగ్యమిత్ర వివరాలు నమోదు చేసి ప్రీ-ఆథరైజేషన్‌కు, అంటే వైద్యానికి ముందస్తు అనుమతికి, పంపుతారు. అప్రూవల్ వచ్చిందా అని అడిగి, ఏ ప్యాకేజీకి ఎంత వచ్చిందో రాసుకోండి.

ప్యాకేజీలో బెడ్డు, డాక్టరు, మందులు, పరీక్షలు, ఇంప్లాంట్, భోజనం కలిసే ఉంటాయి. "ప్యాకేజీ సరిపోదు, మంచి స్టెంట్ కావాలంటే పైన యాభై వేలు కట్టండి" అని ఎవరైనా అంటే కంగారు పడకండి. ఆ మాట కాగితం మీద రాసి స్టాంపు వేసి ఇమ్మనండి. అక్కడి నుంచే వయ వందనకైతే 14555కు, ఆరోగ్యశ్రీకైతే 104కు ఫోన్ చేయండి. ఆసుపత్రి పేరు, పేషెంట్ పేరు, అడిగిన మొత్తం చెప్పి ఫిర్యాదు నంబరు తీసుకోండి. కట్టక తప్పని పరిస్థితి వస్తే నగదుగా ఇవ్వకుండా ఫోన్‌పే లాంటి దాని ద్వారానో చెక్కు ద్వారానో కట్టి రసీదు అడగండి. ఇంటికొచ్చాక కూడా ఆ రసీదుతో ఫిర్యాదు కొనసాగించవచ్చు.